పెట్రోలు మూత ఎటు దిక్కు

“పైపు గుంజవే, అందుతది.”

“అందది. అవతలికి తిప్పుకొని రా.”

మా ఆయనకు నాకు నడుమ ఆఖరి మాటలు గివే. రాసినవా బిడ్డా? నేను అన్నది అన్నట్టే రాయి, నీ కాలేజీ తెలుగుల పెట్టకు. వేరేటోళ్ల ఆఖరి మాటలు ఇంటే కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. పిల్లలు పైలమన్నడట, చెయ్యి పట్టుకున్నడట, నవ్వుకుంట కండ్లు మూసిండట. మాకు గంత నసీబు యాడిది! ముప్పై ఒక్క ఏడు కాపురం చేసి, పెట్రోలు బంకుల, పదిమంది చూస్తుండంగ, కారుకు మూత ఎటు దిక్కున్నదని కొట్లాడుకొని తెగతెంపులు చేసుకున్నం.

ఇది రాసే పిల్ల మా ఆడిబిడ్డ కూతురు. గోదావరిఖనిల మా ఇంటికి రెండు గల్లీల అవతలికే ఇచ్చిర్రు. నేను కూడబలుక్కొని బోర్డులు చదువుత గాని ఇంత రాసుడు నాతోని కాదు. వీళ్లమ్మ, అంటే మా ఆయన సొంత అక్క, నాతోని మాట్లాడక రెండేండ్లు. ఎందుకు మాట్లాడదో, అండ్ల ఆమె తప్పెంతో నా తప్పెంతో చెప్తందుకే ఈ పని పెట్టుకున్న.

నేను చేసేది పెట్రోలు బంకుల నౌకరి. మొగడు పోయినంక చేరిందని అందరు అనుకుంటరు, అయ్యో పాపమంటరు. కాదు. మొగడు ఇంటికి వచ్చినంక చేరిన. ఆయన బొగ్గు బాయిల ఇరవై ఆరేండ్లు టబ్బుల కాడ, అంటే పట్టాల మీద బొగ్గు మోసే డబ్బాల కాడ, చేసిండు. షిఫ్టుల మీద బతికిన మనిషి. ఇంట్ల ఉంటే నిద్ర, లేచి ఉంటే బాయిల. గట్ల ఉన్నంత కాలం మా కాపురం బంగారం. రిటైరయి పొద్దుందాక ఇంట్లనే కూసునేసరికి తెలిసింది నాకు, నేను ఎవల్ని చేసుకున్ననో. కూరల ఉప్పు కాడి నుంచి బట్టలారేసే తీగ దాక అన్నిటికీ ఆయనే సూపర్‌వైజరు. “గా బిందె తొవ్వల పెట్టినవేంది?” అంటడు. మా వంటింట్ల టబ్బులు నడుస్తున్నట్టు. నెల తిరగకముందే పోయి బంకుల పని అడిగిన.

బంకుల చేరినంక నాకు తెలిసిన మొదటి సంగతి ఏందంటే, కారున్న మొగోనికి ఆ కారు మూత ఎటు దిక్కున్నదో తెల్వది. కారు కొన్న రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టుడు తెలుసు. వెనకద్దం మీద పిల్లల పేర్లు రాపిచ్చుడు తెలుసు. ఎవలన్న ఆనుకుంటే “గీత పడుతది” అని ఒర్రుడు తెలుసు. పెట్రోలు యాడ పోస్తరో తెల్వది. వచ్చి నా ముందల ఆపుతడు. నేను పైపు పట్టుకొని చూస్త. నా దిక్కు గోడ లెక్క సాఫు.

“సార్, మూత అవతల ఉన్నది.”

దిగుతడు. వచ్చి చూస్తడు. చూసినంక గూడ జెర్రసేపు నమ్మడు, నిన్నటి దాక ఈడనే ఉండె, ఎవడో పీకి అవతల పెట్టిండన్నట్టు. మల్లా ఎక్కి, పంపు సుట్టు గుండ్రంగ తిరిగి, అవతల ఎదురు మొఖాన వచ్చి ఆపుతడు. మూత మల్లా అవతలనే ఉంటది. ఎందుకుండదు? సుట్టు తిరిగితే కారుకు ఎడమ కుడి మారుతదా? ఇగ అప్పుడు మొదలు పెడుతడు, “అక్కా, నువ్వే జెర్ర పైపు గుంజరాదు” అని.

మీటరు కాడ పంపు బొమ్మ ఉంటది, దాని పక్కకు గింతంత బాణం ఉంటది. మూత ఎటుంటే బాణం అటు చూస్తది. నాతోని చేసే పిల్ల చూపిచ్చింది ఈ కిటుకు. నేను పెద్ద పెద్ద ఉద్యోగాలోళ్లకు చూపిచ్చిన. బాణం చదువుడు నేర్పిన. “ఇన్నేండ్ల సంది నడుపుతున్న, చూడనే లేదమ్మా” అంటరు. ఇంటి ముచ్చట్లు గూడ గట్లనే చూడరని నేను అనను. ఆళ్ల భార్యలు పక్క సీట్ల కూసోని నన్ను చూసి నవ్వుతరు, సమజైపోతది.

మేం ముగ్గురు ఆడోళ్లం ఉంటుంటిమి ఆ షిఫ్టుల. మూత మరిచిపోయిన మొగోడు వచ్చిండంటే మాకు పండుగ. నేనైతే వాళ్ల నడక గూడ చేసి చూపిస్తుంటి, దిగుడు, చూసుడు, తల గోక్కునుడు. గంత గొప్పలు పోయిన.

గిసొంటి టైములనే మా ఆయన కారు కొన్నడు. ఎవలో అమ్ముతుంటే తెచ్చిండు, తెల్లది, ముసలిది. దానికి మూత కుడి దిక్కు. మీటరు కాడ బాణం గూడ లేదు, గంత పాతది. ఆయన దానికి పెట్రోలు పోపియ్యవోతే ప్రతిసారీ పంపును ఎడమ చెయ్యి దిక్కు పెట్టి ఆపుతడు. ప్రతిసారీ తప్పే. ఎందుకంటే బాయిల టబ్బులు నడిచే తొవ్వకు ఒక్క దిక్కే గోడకు గూళ్లు తవ్వి ఉంటయి, టబ్బులొస్తే మనిషి అండ్ల దూరి నిలబడాలె. వాళ్ల బాయిల దిగంగ ఆ గూళ్లు ఎడమ దిక్కు. ఇరవై ఆరేండ్లు ఎడమ గోడకు ఆనుకొని నడిచిండు. బజార్ల గూడ గట్లనే నడుస్తుండె, గోడలకు భుజం రాసుకుంట. పెండ్లిలకు పోయి బంతిల కూసుంటే గూడ ఎడమకే ఒరుగుతడని మా వదినె, అంటే ఈ పిల్ల తల్లి, చెప్పి నవ్వుతుండె. మంచిగున్న రోజుల్ల.

కారు కొని పన్నెండు రోజులు అయింది. ఆ రోజు మా వదినె ఇంటికి, రామకృష్ణాపూర్‌కు, కారు చూపిస్తందుకు బయలెల్లిండు. అక్క నాటుకోడి కోసింది తమ్ముని కోసం. నేను డ్యూటీల ఉన్న. బాయిల మొదటి షిఫ్టు విడిచే టైము, బంకు నిండ బండ్లు. అగో, వచ్చిండు. వచ్చి, మా పంపుకు ఆనిచ్చి, ఎడమ దిక్కు పెట్టి, అద్దం దించి నన్ను చూసి నవ్విండు. గొప్పగ. కారోడు గదా.

నా పక్క పిల్లలు ఇద్దరు మూతికి చేతులు అడ్డం పెట్టుకున్నరు. “అక్కా, మీ ఆయన గూడ గదే బ్యాచా?” అన్నది ఒకతి.

పైపు గుంజి చూస్తే అయిపోవు. రెండు రోజుల ముందల ఎవలిదో కారు మీదికెల్లి గుంజితే రంగు గీసుకపోయింది, ఇంకోపాలి గుంజినవంటే పని బందని ఓనరు గట్టిగనే అన్నడు, గది నిజం. ఎనుక బండ్లోళ్లు హారన్లు కొడుతుండ్రి, గదీ నిజం. ఈ రెండు నిజాలను రెండేండ్లు అందరికి చెప్పుకుంట తిరిగిన. మూడోది చెప్పలే. ఇన్ని రోజులు ఊరోళ్ల మొగోళ్లను ఆడిపిచ్చిన, ఇప్పుడు నా మొగనికి గుంజితే ఆ పిల్లల ముందల నా ఇజ్జత్ ఏం గావాలె? గది.

అందుకే గట్టిగ, అందరు ఇనేటట్టు అన్న, “అందది. అవతలికి తిప్పుకొని రా” అని. పిల్లలు కిసకిస నవ్విర్రు. ఆయన మొఖం ఎట్లయిందో నేను చూడలే. పక్క బండోనికి “జీరో చూస్కో అన్నా” అనుకుంట తిరిగిన. తిప్పుకొని వస్తడనే అనుకున్న. మళ్లీ చూస్తే కారు లేదు. అలిగిండు, మాపటికి ఇంట్ల చూసుకుందాం అనుకున్న.

గోదావరి బిర్జి దాటిండు. జైపూర్ దిక్కు పోంగ పోంగ పెట్రోలు అయిపోయింది. దుకాణంల సీసాల పోసి అమ్ముతరు గదా, తెచ్చుకున్నడు. కారు రోడ్డు అంచుకు, ఎడమకే, మంచిగ ఆపి ఉంచిండు, దాంట్ల ఏం తప్పు లేదు. కాని మూత కుడి దిక్కు. సీసా పట్టుకొని రోడ్డు దిక్కు నిలబడి పోస్తున్నడు. లారీ వచ్చింది. టబ్బుల ఎదురుంగ ఇరవై ఆరేండ్లల్ల ఒక్కనాడు నిలబడని మనిషి.

కారుకు ఏం కాలే. గీత పడ్డది, గంతే. నడుమ మనిషి అడ్డముండె గదా.

పదో నాడు అందరు కూసున్నరు. బంకు పిల్లలు ఎవలకో చెప్పిర్రు, వాళ్లు ఇంకెవలకో చెప్పిర్రు, మా వదినె దాక పోయింది. ఆమె ఏడ్వలే. ఇస్తారాకు ముందల కూసోని నెమ్మదిగ అడిగింది:

“పైపు గుంజితే అందకపోవునా పిల్లా?”

“అందది వదినె. జానెడు తక్కువ పడుతది. నా పనే అది, నాకు తెల్వదా?”

“చూసినవా?”

“చూసిన.”

చూడలే. ఆ కారుకు ఎన్నడు గుంజి చూడలే. కొన్ని కార్లకు అందుతది, కొన్నిటికి అందది, ఆపే తీరును బట్టి ఉంటది. మా ఆయన ఫోటో దిక్కు చెయ్యి చూపెట్టి, ఆయన సాక్షి, జానెడు తక్కువ అన్న. వదినె నా మొఖం చూసింది. లేచి పోయింది. ఇగ ఆ రోజు నుంచి బంద్.

నేను ఊకుంటనా? తప్పు నాది కాకపోతే ఎవలదో తేల్చాలె గదా. కారుకు మూత కుడికి పెట్టినోడెవడు? వాడు దొరికితే వదినె ముందల నిలబెడుదామనుకున్న. అడుగుడు మొదలు పెట్టిన.

మా ఆయనతోని జోడీగ టబ్బుల కాడ చేసిన అన్న ఒకాయన ఉన్నడు. ఆయన్ని అడిగిన. “డ్రైవరు కూసునే దిక్కే ఉండాలె చెల్లె. దిగంగనే చేతికి అందాలె గదా. పెద్దపెద్దోళ్లు ఆలోచన చేసి పెట్టిర్రు,” అన్నడు.

“మరి సగం కార్లకు ఎడమ దిక్కే ఉన్నది గదా అన్నా?”

“గవి ఆలోచన చెయ్యకుంట పెట్టిర్రు.”

ఆయనకు ఫికర్ లేదు, రెండు దిక్కులకు జవాబున్నది.

మా కారు మెకానిక్ భాయ్ షెడ్డుల పెట్టి ఉండె. అమ్ముమన్నరు ఇంటోళ్లు, నేను అమ్మనియ్యలే, కొననీయలే. పోయి ఆయన్ని అడిగిన.

“సైలెన్సర్ ఎటుంటే మూత దానికి ఎదురు దిక్కు పెడుతరు బహెన్. గరం ఉంటది గదా. పెట్రోల్ కారితే, భక్కుమంటది.”

నేను ఒంగి చూసిన. షెడ్డుల ఇంకో కారు ఉన్నది, దానికి మూత, సైలెన్సరు రెండూ ఒక్క దిక్కే.

“గిదేంది భాయ్?”

“గది వేరే కంపెనీది.”

“ఆ కంపెనీ పెట్రోలు అంటుకోదా?”

భాయ్ చేతులు తుడుసుకున్నడు. “చాయ్ తాగుతవా బహెన్?” అన్నడు.

ఇగ ఇంజనీరు సారు. మా బంకుకే వస్తడు. మూతల సంగతిల మా గిరాకీలందరిల ఆఖరి బెంచి. మూడేండ్ల సంది అదే కారు, అదే తప్పు. ఒకనాడు ఖాళీగ దొరికిండు, అడిగిన. ఆయన నవ్వలే, మంచిగ చెప్పిండు.

“రూలేం లేదమ్మా. కొందరు బండి తయారుచేసేటప్పుడు పైపులు, స్ప్రింగులు యాడ ఇముడుతయో చూసి, జాగున్న దిక్కు పెడుతరు. కొందరేమో మూత రోడ్డు అంచు దిక్కుండాలె అనుకుంటరు. తొవ్వల పెట్రోలు అయిపోయి డబ్బాతోని పోసుకుంటే, పోసేటోడు అంచుకు ఉండాలె గదా.”

“మనకు అంచు ఎడమ గదా సార్?”

“మనకు ఎడమనే. కొన్ని దేశాలల్ల బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తయి. ఆ దేశాలోళ్లకు అంచు కుడి. ఆళ్లు చేసిన బండినే ఈడికి తెచ్చేటప్పుడు స్టీరింగు మారుస్తరు గాని మూత మార్చరు, ఖర్చు గదా. అందుకే కొన్నిటికి గట్ల ఉండిపోతది అంటరు.”

దొరికిండనుకున్న. స్టీరింగు మార్చిండట, డ్రైవరు సుఖం చూసిండట, మూత మార్చ బద్దకమైందట. వాని దేశపోడు అంచుకు నిలబడి ఈలేసుకుంట పోసుకుంటడు. మా ఆయన లారీకి ఎదురుంగ నిలబడి పోసుకోవాలె. రెండు రోజులు కడుపు సల్లగైంది నాకు. వదినె ఇంటికి బస్సెక్కుదామనుకున్న, ఇగో గీ పరాయి దేశపోడు సంపిండు నీ తమ్ముని అని చెప్పుదామని. సీరె గూడ కట్టుకున్న.

కట్టుకొని కూసున్న. ఆమె ఏమడుగుతదో నాకు తెలుసు. మూత ఎవడు పెట్టిండని ఆమె ఎప్పుడన్న అడిగిందా? గది నేను అడిగిన. ఆమె అడిగింది ఒక్కటే. చూసినవా అని.

సీరె ఇప్పి, బంకు యూనిఫాం ఏసుకొని మెకానిక్ భాయ్ షెడ్డుకు పోయిన.

“కారు నడుస్తదా భాయ్?”

“బ్యాటరీ పెడితే నడుస్తది. కొనేటోళ్లు వచ్చిర్రా?”

“రేపు పగటీలి, బండ్లు లేని యాల్ల, బంకుకు తే. పెట్రోలు కొడుత.”

బ్యాటరీ ఎతుకుతందుకు లోపలికి పోయిండు.

తెచ్చిండు. ఎండ మండుతున్నది, బంకు ఖాళీ, ఓనరు అన్నానికి పోయిండు. భాయ్ తెలివిగల్లోడు, మూత నా దిక్కు వచ్చేటట్టు ఆపబోయిండు.

“గట్ల కాదు. పంపు నీ ఎడమ చెయ్యి దిక్కు పెట్టు.”

“మూత కుడికున్నది బహెన్.”

“నాకు తెల్వదా?”

“ఇంకా దగ్గరికా?”

“ఆనిచ్చి ఆపు. గోడకు ఆనిచ్చినట్టు.”

ఆపిండు. నేను పైపు తీసిన. ఎనుక డిక్కీ మీదికెల్లి తిప్పి, నడుమ పైపు బరువు భుజం మీద ఏసుకొని గుంజిన. జానెడు తక్కువ పడాలె, పడాలె అనుకుంట గుంజిన. ఏ దేవునికి మొక్కిన్నో యాదికి లేదు, అందకుంట చెయ్యుమని మొక్కిన. అవతలికి పోయిన. మూత తీసిన. పైపు మూతి సక్కగ పోయి ట్యాంకుల పడ్డది. పడ్డంక గూడ ఎనుక వదులుగ మూరెడు పైపు మిగిలే ఉండె. రంగు గూడ గీసుకపోలే.

అందింది. ఆనిచ్చి ఆపుడు వల్లనే అందింది. అందరి లెక్క దూరం ఆపితే అందకపోవు. గోడకు రాసుకుంట నడిచే ఆయన అలవాటుకు అందింది.

నేను పట్టుకొని నిలబడ్డ. నిలబడ్డది రోడ్డు దిక్కే.

“బహెన్,” భాయ్ అద్దంలకెల్లి తల బయట పెట్టిండు, “జీరో చూపియ్యవా?”

బంకుల చేరినంక జీరో చూపియ్యకుంట కొట్టింది గదొక్కటే. ట్యాంకు నిండి ఆగేదాక నేను చెయ్యి తియ్యలే. పైపు మల్లా పెట్టంగ భాయ్ దిగి వచ్చి మూత తనే పెట్టిండు. “కారు అమ్మెయ్యి,” అన్నడు. “అమ్ముత,” అన్న.

అమ్మిన. కొన్నోనికి మొదలు మూత చూపిచ్చిన, తర్వాత తాళం ఇచ్చిన. తొవ్వల అయిపోతే డబ్బాతోని ఒక్కనివే పోసుకోకు అని చెప్పిన. పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు.

ఇగ లెక్క చెప్పాల్నంటే నా కాడ శానమంది ఉన్నరు. మూత మార్చని దేశపోడు ఉన్నడు. సీసాల అమ్మిన దుకాణపోడు ఉన్నడు. లారోడు ఉన్నడు. గుంజొద్దన్న ఓనరు ఉన్నడు. ఒక్క మాటకే అలిగి పోయిన మా ఆయన ఉన్నడు, ఆయన్ని ఇడిసిపెట్టను, అరవై ఏండ్లు దాటి చిన్నపోరని లెక్క అలుగుడేంది? అందరిని నిలబెట్టి తిడుత. కాని పైపు వాళ్ల ఎవల చేతుల లేదు.

బంకుల ఇప్పుడు గూడ మొగోళ్లు తప్పు దిక్కే ఆపుతరు. ఇప్పుడు గూడ తిడుత, బుద్ధి రాకపోతే ఎట్ల? తిట్టుకుంటనే గుంజి చూస్త. అందకపోతే అప్పుడు తిప్పుకొని రమ్మంట. ఓనరు రెండుసార్లు కోపం చేసిండు. పని బంద్ చేస్తనన్నడు. చెయ్యుమన్న. ఈ ఎండకు నిలబడేటోళ్లు దొరకక ఊకున్నడు.

వదినెకు మాత్రం చెప్పలే. నాలుగు నెలలు అయింది. ఫోన్ చేస్తే ఎత్తది. ఎత్తితే చెప్తనో లేదో నాకే తెల్వది, మల్లా ఆ ఇంజనీరు సారు ముచ్చట, సైలెన్సరు ముచ్చట మొదలు పెడుతనేమో. నోటితోని చెప్తే నేను తప్పిచ్చుకుంట. నా సంగతి నాకు తెల్వదా? అందుకే నీతోని రాపిస్తున్న బిడ్డా. ఐతారం మీ అమ్మ నీ కాడికి వస్తదన్నవు గదా. నేనొస్తే లేచి పోతది. నువ్వు చదువు. మీ అమ్మ నడుమల ఏమన్న అంటే ఆగు, అననియ్యి, తిట్టినా తిట్టనియ్యి, మల్లా ఆడికెల్లి చదువు. నేను మీ వాకిట్ల కూసుంట. పిలిస్తే వస్త, పిలవకపోతే పోత.

ఏడుస్తున్నవేంది? ఇంక శాన పనున్నది, అక్షరాలు తడుస్తయి. ముందుగాల నాకు చదివి ఇనిపియ్యి. మొదటి నుంచి, జల్ది జల్ది కాకుంట. నేను యాడనన్న దొంగ మాట చెప్పినట్టు ఇనబడితే ఆడ ఆపు, మల్లా చెప్త. కానియ్యి, చదువు.